లైకుల పిచ్చి

మీతో ఒక సంగతి చెప్పుకోవాలి. చెబితే పరువు పోతుందని ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాను. అయినా, ఫొటో ఒకటి పెట్టేసి, అన్నం తింటూ ఎడమచేత్తో ఫోన్ తిప్పుతూ, ఎవరెవరు లైక్ కొట్టారా అని చూసుకోని మనిషి ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? తలంబ్రాలు ఆపి మరీ రీల్ తీయించుకుంటున్న కాలం ఇది. కాబట్టి మీరు నన్ను అర్థం చేసుకుంటారనే ధైర్యంతోనే నోరు విప్పుతున్నాను. అందరికీ ఉన్న పిచ్చే నాదీ. కాకపోతే మీరంతా సొంత ఖర్చుతో పడే ఆ పిచ్చిని నేను జీతం పుచ్చుకుని, ఇంకొకరి డబ్బుతో, ఇంకొకరి పేరు మీద పడ్డాను.

ఆ ఇంకొకరు ఒక గానుగ నూనె వ్యాపారి. విజయవాడకు దగ్గర్లో మిల్లు. పల్లీ, నువ్వులు, కొబ్బరి, ఈ మూడే నూనెలు. మేమంతా ఆయన్ని బాబాయిగారు అనేవాళ్లం. ఆయనకు గింజ తెలుసు. లోడు దిగగానే గుప్పెడు పల్లీకాయలు తీసి చెవి దగ్గర గలగలలాడించి, ఆరాయో లేదో చెప్పేసేవారు. నూనె ఆడాక మడ్డి అడుక్కి దిగేదాకా తొట్టెల్లో తేర్చి, గుడ్డలో వడకట్టి గానీ సీసాకెత్తనిచ్చేవారు కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రం ఆయనకు కొత్త. "అదంతా నువ్వు చూసుకో నాయనా, మన పేరు నలుగురికీ తెలియాలి" అని ఆ వ్యవహారం నా చేతిలో పెట్టారు. నేను నలుగురితో ఆగే రకాన్నా? రెండు తెలుగు రాష్ట్రాలూ, అమెరికాలో ఉన్న మనవాళ్లూ, వీలైతే చంద్రమండలం కూడా మా పల్లీనూనె గురించే మాట్లాడుకోవాలని అనుకున్నాను.

మొదటి పిచ్చి ఫాలోవర్లది. మా పేజీలో ఆ అంకె చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. పోటీ కంపెనీ వాళ్లకు మాకంటే పదింతలు ఉన్నారు మరి! "లైక్ కొట్టండి, షేర్ చేయండి, ముగ్గురు స్నేహితుల్ని ట్యాగ్ చేయండి, లీటరు నూనె గెలుచుకోండి" అని మొదలుపెట్టాను. జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. వాళ్లలో చాలామంది ఉచిత బహుమతి ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవాళ్లు. నిన్న కుక్కర్ల కంపెనీ, ఇవాళ మేము, రేపు పరుపుల కొట్టు. ఇలా లైకులు అడుక్కునే పోస్టుల్ని వెనక్కి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. 2018 జనవరిలో జుకర్‌బర్గ్ ఇంకో మాట కూడా అన్నాడు: ఇకమీదట కంపెనీల పోస్టుల కంటే బంధుమిత్రుల కబుర్లకే పెద్దపీట వేస్తామని. ఆ రెండు ముక్కలూ చదివినవాడైతే దారి మార్చుకునేవాడు. నేను చదవలేదు. అంకె ఇంకా చాల్లేదనిపించి, డబ్బు పోసి ఫాలోవర్లను కొన్నాను.

అవునండీ, కొన్నాను. పడుకునేటప్పుడు ఒక అంకె, తెల్లారేసరికి ఇంకో అంకె. ఒళ్లు పులకరించిపోయింది. పేర్లు చూద్దునుకదా, ఏ దేశంవాళ్లో తెలియదు, సగం మందికి ముఖమే లేదు. వాళ్లలో ఒక్కరూ జన్మలో పులిహోర రుచి చూసి ఉండరు. వాళ్లు నూనె కొనరు, పక్కింటివాళ్లకు చెప్పరు, బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. పోతే పోయింది డబ్బే కదా అనుకోవడానికీ లేదు. ఇన్‌స్టాగ్రామ్ అయినా ఫేస్‌బుక్ అయినా మన పోస్టును అందరికీ ఒక్కసారే చూపించదు. ముందు కొంతమందికి చూపిస్తుంది. వాళ్లు ఆగి చూసి, ఏదో ఒకటి రాసి, ఇంకొకరికి పంపితే అప్పుడు మరికొంతమందికి. నేను కొన్న జనం ఉలకరు, పలకరు. ఈ పోస్టుల్లో సరుకు లేదని ఆ లెక్క తేల్చేసింది. దాంతో ఏళ్ల తరబడి మా నూనె వాడుతున్న ఇల్లాళ్లకు కూడా మా పోస్టులు వెళ్లడం తగ్గిపోయింది. డబ్బిచ్చి మరీ నా గొంతు నేనే నొక్కుకున్నానన్నమాట. అంకె పెరిగితే మనిషి పెరిగాడనుకోవడం మనందరికీ ఉన్న జబ్బే. పదో తరగతి మార్కులతో అంటుకుంటుంది, ఆ తర్వాత వదలదు.

రెండో పిచ్చి అదను చూసి కొట్టడం. మా వృత్తివాళ్లం ఎక్కడ కలిసినా ఓరియో కథ చెప్పుకుంటాం. 2013 ఫిబ్రవరి 3న అమెరికాలో న్యూ ఆర్లీన్స్ స్టేడియంలో సూపర్ బౌల్ ఆట జరుగుతుండగా కరెంటు పోయింది. 34 నిమిషాలు ఆట ఆగిపోయింది. ఆ వ్యవధిలో, చీకట్లో కూడా బిస్కెట్టు పాలల్లో ముంచుకోవచ్చని ఓరియో వాళ్లు చిన్న బొమ్మతో ఒక ట్వీట్ వేశారు. లోకమంతా చప్పట్లు కొట్టింది. లక్షల డాలర్లు పోసిన టీవీ ప్రకటనల్ని మరిచిపోయినవాళ్లు కూడా ఆ ట్వీట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చదివినప్పటి నుంచి నేను ఎక్కడ ఏ ఆట జరిగినా కరెంటు పోవాలని మొక్కుకునే మనిషినయ్యాను.

ఆ కథలో నేను వదిలేసిన సగం ఇంకొకటుంది. 2012లో ఓరియోకు వందేళ్లు నిండాయి. ఆ సందర్భంగా వాళ్లు వంద రోజులపాటు, రోజుకొకటి చొప్పున, ఆనాటి విశేషానికి తగిన బొమ్మ వేస్తూ వచ్చారు. అంటే కరెంటు పోయేనాటికే వాళ్ల చెయ్యి తిరిగిపోయి ఉంది. పైగా ఆట రోజున కంపెనీవాళ్లూ ఏజెన్సీవాళ్లూ కలిసే కూర్చున్నారు. సరేనని అనాల్సిన మనిషి పక్కనే ఉన్నాడు. మన అమూల్ పాపదీ అదే దారి. సిల్వెస్టర్ డకున్హా 1966లో మొదలుపెట్టిన ఆ చుక్కల గౌను పాప దశాబ్దాల తరబడి హోర్డింగుల మీద దేశంలో జరిగే ప్రతిదాని గురించీ చమత్కరిస్తూనే ఉంది. అందుకే ఇవాళ ఆమె ఏమన్నా జనానికి ఇంట్లోమనిషి అన్నట్టే ఉంటుంది. మా పేజీకి ఆ చనువెక్కడిది?

అయినా ఆగానా? 2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో మన పి.వి. సింధు కాంస్యం గెలిచింది. సోఫాలోంచి లేచి గంతులేశాను. తెలుగువాడిగా ఒకటి, మార్కెటింగ్ వాడిగా రెండు. క్షణం ఆలస్యం చేయకుండా సింధు ఫొటో తీసుకున్నాను, పక్కన మా లీటరు సీసా నిలబెట్టాను, పైన లోగో అంటించాను, "ఆ బలం వెనుక అచ్చమైన నూనె" అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం తగిలించి వదిలాను. ఆ అమ్మాయి మా నూనె చుక్కయినా చూసిందా? లేదు. ఎవర్నైనా అడిగానా? లేదు. లైకులు మాత్రం వర్షంలా కురిశాయి. ఆ మత్తులో ఉండగానే పేపర్లో వార్త: అనుమతి లేకుండా సింధు పేరూ ఫొటో వాడుకున్న సుమారు ఇరవై బ్రాండ్ల మీద ఆమె వ్యవహారాలు చూసే బేస్‌లైన్ వెంచర్స్ సంస్థ చట్టపరమైన చర్యకు దిగుతోందని. చదువుతుంటే కాళ్లు చల్లబడ్డాయి. పోస్టు తీసేశాను, స్టోరీ తీసేశాను, వాట్సాప్ స్టేటస్ తీసేశాను, డిజైన్ చేసిన కుర్రాడికి ఫోన్ చేసి "నీ కంప్యూటర్లో ఉందా, అదీ తీసెయ్" అన్నాను, ఆ తర్వాత గేటు దగ్గర కొరియర్ బండి ఆగిన ప్రతిసారీ నోటీసేనని గుండె జారేది. ఒలింపిక్స్ రోజుల్లో క్రీడాకారుల పేర్లూ ఫొటోలూ వాడుకోవడం మీద ఒలింపిక్ చార్టర్‌లో 40వ నిబంధన ఒకటుందని అప్పుడు గానీ తెలుసుకోలేదు. మా దాకా ఏ కాగితమూ రాలేదు. మేం చిన్నవాళ్లం కాబట్టి బతికిపోయాం. మెచ్చుకోవాలనుకుంటే మెచ్చుకోవచ్చు, దానికి సీసా ఎందుకు? అభినందన పక్కన లోగో చేరిందంటే అది వ్యాపారమే. ఇంకొకరి కష్టాన్ని అడక్కుండా తెచ్చుకుని మన సరుక్కి అద్దుకోవడమే.

మూడోది గొప్పలు చెప్పుకునే పిచ్చి. "మా పల్లీనూనెలో కొలెస్ట్రాల్ సున్నా!" అని ఎర్రటి అక్షరాలతో పోస్టు పెట్టాను. నేనేదో కనిపెట్టినట్టు. కింద ఒకాయన రాశారు: "కొలెస్ట్రాల్ తయారు కావాలంటే కాలేయం ఉండాలి నాయనా. పల్లీగింజకు కాలేయం ఉందా?" ఆ మాటకు వచ్చినన్ని లైకులు మా పేజీ చరిత్రలో దేనికీ రాలేదు. చమత్కారానికే అన్నా, అసలు సంగతి నిజం. గింజల నూనె దేనిలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. అది మా గొప్ప కాదు, గింజ స్వభావం. దాన్ని మా గొప్పగా చెప్పుకోవడమంటే కొనేవాళ్ల తెలివిని తక్కువ చేయడమే.

ఆ పరాభవం ఆరకముందే వంటల రీల్స్ చేసే ఒకావిడకు డబ్బిచ్చి, "డబ్బు తీసుకున్నట్టు కనబడకుండా, మామూలుగా వాడుతున్నట్టు చేయండమ్మా" అని అడిగాను. 2021 జూన్ 14 నుంచి అలాంటి వీడియోల మీద ప్రకటన అని స్పష్టంగా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వమూ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల చట్టం కింద మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. జరిమానా సంగతి పక్కన పెట్టండి. నమ్మి చూసేవాళ్లకు అబద్ధం చెప్పమని ఆవిణ్ని నేను డబ్బిచ్చి అడిగానే, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పోనీ ఫలితమైనా దక్కిందా? రీల్‌ను జనం విరగబడి చూశారు. ఆవిడ పేరు మీద ఇచ్చిన కూపన్ కోడ్ వాడి నూనె కొన్నవాళ్లు ఒక చేతివేళ్లకు సరిపోయారు. ఆ రోజుల్లోనే మిల్లులో పనిచేసే కుర్రాడు తన ఫోన్లో తీసిన వీడియో ఒకటి పెట్టాం. గానుగ నూనె కాగితే నురగ ఎందుకొస్తుందో బాబాయిగారు మూకుడు దగ్గర నిలబడి చెప్పారు. రిఫైన్డ్ నూనెలో తీసేసే జిగురు పదార్థం ఇందులో మిగిలి ఉంటుంది, అందుకే మొదట పొంగుతుంది, మంట తగ్గించండి అని. అందులో సంగీతం లేదు, అలంకారం లేదు. లైకులూ పెద్దగా లేవు. కానీ దాని కింద ఇచ్చిన కోడ్‌తో ఆర్డర్లు నెలల తరబడి వస్తూనే ఉన్నాయి. లైక్ వేరు, గిరాకీ వేరు అని నాకు తెలిసొచ్చింది అప్పుడే.

ఇక అసలుది చెప్పాలి. చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సంక్రాంతికి మా పేజీలో ముగ్గు వేసి శుభాకాంక్షలు పెట్టాను. ఎంత అందమైన ముగ్గనుకున్నారు! దాని కింద ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫొటో పెట్టారు. అట్టపెట్టె అడుగంతా నూనెతో నల్లబడి ఉంది. సీసాలో మూడొంతులే మిగిలింది. పెట్టె చుట్టూ చీమల బారు. "పండక్కి అరిసెలు వండుకుందామని తెప్పించాను బాబూ, ఇలా వచ్చింది" అని రాశారు. అంతే రాశారు. ఒక్క పరుషమైన మాట లేదు. నాకు మాత్రం ఆవిడ బాధ కనబడలేదు, నా ముగ్గు పాడైపోయిందన్నదే కనబడింది. ఆ వ్యాఖ్యను ఎవరికీ కనబడకుండా దాచేశాను. ఆవిడ మళ్లీ పెట్టారు. తీసేశాను. మళ్లీ పెట్టారు. ఆవిణ్నే బ్లాక్ చేశాను. హమ్మయ్య అనుకుని టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆవిడ మనవడు ఆ ఫొటో, తీసేసిన వ్యాఖ్యల స్క్రీన్‌షాట్లు, బ్లాక్ చేసిన సంగతి అన్నీ కలిపి తన గోడ మీద పెట్టేశాడు. అది షేర్ మీద షేర్. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు ఊరూరా ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి మా పేజీ మీద పడ్డారు. చేతులు వణికాయి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఆర్డర్ నంబర్ మెసేజ్ చేయగలరు" అని ఒక వాక్యం రాసుకుని, అందరి కిందా అదే అతికించుకుంటూ పోయాను. తిట్టినవాళ్ల కిందా అదే. తిట్టని వాళ్ల కిందా అదే. "పండగ శుభాకాంక్షలు" అన్నవాళ్ల కిందా అదే. "మా తాతగారు పోయిన నెల కాలం చేశారు, ఆయనకు మీ నువ్వులనూనె అంటే ప్రాణం" అని రాసిన పిల్ల కింద కూడా, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ ఆర్డర్ నంబర్ మెసేజ్ చేయగలరు!

నన్ను ఇక్కడ కాసేపు తిట్టుకోండి. ఆ పిల్లకు తర్వాత క్షమాపణ రాశాను. అయినా ఆ రోజు నేను చేసింది మరపున పడేది కాదు.

ఇలాంటిది నాకంటే ముందు ఎంతెంత పెద్దవాళ్లు చేసి దెబ్బతిన్నారో వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలిసి ఉండాలి. 2010 మార్చిలో కిట్‌క్యాట్‌లో వాడే పామాయిల్ కోసం ఇండోనేషియా అడవులు నరుకుతున్నారని గ్రీన్‌పీస్ ఒక వీడియో తీసింది. నెస్లే దాన్ని యూట్యూబ్‌లోంచి తీయించింది. దాంతో అది ఇంకా పాకింది. నిరసనగా లోగో మార్చి పెట్టుకున్నవాళ్ల వ్యాఖ్యలు తొలగిస్తామని ఆ కంపెనీ ఫేస్‌బుక్ పేజీ నడిపే మనిషి పెడసరంగా జవాబులిచ్చాడు. గొడవ నూనె మీద నుంచి ఆ పెడసరం మీదికి మళ్లింది. ఆ ఏడాది మే నెలలో పామాయిల్ ఎక్కణ్నుంచి కొంటున్నామో సరిచూసుకోవడానికి కంపెనీ దిగొచ్చాక గానీ నెమ్మదించలేదు. అంతకుముందు 2008లో కెనడా గాయకుడు డేవ్ కారల్ గిటారు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రయాణంలో విరిగింది. బాగు చేయించడానికి అయింది 1,200 డాలర్లు. నెలల తరబడి తిరిగినా కంపెనీ ఇవ్వనంది. 2009 జులైలో ఆయన దాని మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెడితే లక్షలమంది విన్నారు. ఈ రెంటిలోనూ మొదటి తప్పు కంటే, అడిగిన మనిషికి చెప్పిన జవాబే ఎక్కువ నష్టం చేసింది. సీసా కారడం మిల్లు తప్పు. దాన్ని దాచడం నా తప్పు. జనం క్షమించనిది రెండోదాన్నే.

ఆ సాయంత్రానికి మా పేజీ సంగతి బాబాయిగారికి తెలిసింది. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. "ఆవిడ నంబరుందా?" అన్నారు. బిల్లులో ఉంది. నా ముందే ఫోన్ చేశారు. "అమ్మా, నూనె మిల్లు నుంచి మాట్లాడుతున్నాను. పండగపూట మీ వంటిల్లు పాడుచేశాం. పెట్టె విప్పినప్పుడు సీసా మూత ఎలా ఉంది తల్లీ, వదులుగా ఉందా, బిగుసుగానే ఉందా?" ఆవిడ బిగుసుగానే ఉందన్నారు. ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. అడిగి ఉంటే మొదటి వ్యాఖ్య దగ్గరే ముగిసిపోయేది.

ఫోన్ పెట్టేసి ఆయన గోడౌన్‌కు నడిచారు. ఆ లోడులో మిగిలిన సీసాలు తీయించి, నేల మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద అడ్డంగా పడుకోబెట్టించారు. పొద్దున్న చూస్తే కొన్ని సీసాల మూతల దగ్గర పేపరు మీద గుండ్రటి నూనె మరకలు. మూత కింద అంటించే వెండిరంగు రేకు ఉంటుంది చూశారూ, దాన్ని వేడితో సీసా అంచుకు అతికించే మిషన్‌లో వేడి సరిపోలేదు. మూత బిగుసుగానే ఉంది, రేకే అతుక్కోలేదు. ఆ మరకల పేపరునే ఫొటో తీయించి, "మీ టీచరమ్మగారు చెప్పబట్టి తెలిసింది. ఈ బ్యాచ్ నంబరు సీసా ఎవరి దగ్గరున్నా మారుస్తాం. ఆవిడ వ్యాఖ్య తీసేయడం మా తప్పు" అని నాతోనే రాయించారు. "మా పేజీ నడిపేవాడి తప్పు" అని రాయమంటారేమోనని భయపడ్డాను. "మా" అనే అన్నారు. ఆ పెద్దమనసుకు నేను ఇప్పటికీ బాకీనే.

ఆవిడ కొత్త సీసా అందాక మళ్లీ రాశారు: "మాట్లాడారు, మార్చారు. అరిసెలు బాగా వచ్చాయి." ఈసారి ఎవరూ తీసేయలేదు. ఆ పోస్టు కింద కొత్తగా ఆర్డర్ ఎలా పెట్టాలని అడిగినవాళ్లను చూసి నాకు నోట మాట రాలేదు. నేను కొన్న ఫాలోవర్లూ, వాడుకున్న పతకమూ, డబ్బిచ్చి తీయించిన రీలూ అన్నీ కలిపి తేలేని నమ్మకాన్ని మరకలు పడ్డ పాత పేపరు ఒకటి తెచ్చింది.

అప్పటి నుంచి నాకు పొద్దున్నే చేసే పని ఒకటే. ఎన్ని లైకులొచ్చాయో చూడటం కాదు, జవాబు రాని వ్యాఖ్యలు ఎన్ని ఉన్నాయో చూడటం. చలికాలంలో "మీ కొబ్బరినూనె గడ్డకట్టింది, కల్తీనా?" అని అడుగుతారు. ఇరవై నాలుగైదు డిగ్రీల కంటే చల్లబడితే అచ్చమైన కొబ్బరినూనె గడ్డకడుతుందని, సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెట్టమని ప్రతి ఒక్కరికీ విడిగా, వాళ్లను పలకరించి రాస్తాను. అదే ప్రశ్న ఎన్నోసారి వచ్చినా సరే. నాకది పాత ప్రశ్న, అడిగినావిడకు మొదటిసారి.

మీరు పచ్చళ్లు అమ్ముతున్నా, చీరలు అమ్ముతున్నా, పెద్ద కంపెనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నా, నాలాంటి పిచ్చి మీకూ కాస్తో కూస్తో ఉండే ఉంటుంది. ఉంటే సిగ్గుపడకండి. ఒక్క పని చేయండి. ఇవాళ మీ పేజీ తెరిచి, కిందికి కిందికి వెళ్లి, మీరు జవాబివ్వకుండా వదిలేసిన ఫిర్యాదుల్లో అన్నిటికంటే పాతది వెతకండి. ఆ మనిషి నంబరు దొరికితే ఫోన్ చేసి, ముందు ఏం జరిగిందో అడగండి. పోస్టు సంగతి రేపు చూసుకోవచ్చు.